టోలీన్ డ్రమ్ముకి ఫోర్క్‌లిఫ్ట్ ఫోర్క్ దిగితే మొదటి పది నిమిషాల్లో ఎవరేం చేయాలి?

గోడౌన్‌కీపర్:
సాల్వెంట్ గోడౌన్‌కి స్పిల్ (ద్రవం ఒలికినప్పటి) ప్రొసీజరు తిరగరాస్తున్నాం. లెక్క కోసం ఎంచుకున్న సందర్భం ఇదీ: నిండు 200 లీటర్ల టోలీన్ డ్రమ్ము, అడుగు నుంచి జానెడు ఎత్తులో ఫోర్క్ దిగింది. నున్నటి సిమెంటు నేల, కప్పున్న షెడ్డు, రెండు చివర్లా షట్టర్లు, మధ్యలో గ్రేటింగ్ వేసిన డ్రెయిన్. పాత ప్రొసీజరులో మొదటి లైను "వెంటనే ఇసుక పోసి అరికట్టాలి" అని ఉంది. అది తీసేయాలని నా ఉద్దేశం. దాని బదులు ఏ క్రమం రాయాలి, ఏ రీడింగు దగ్గర మనుషుల్ని ఆపాలి, ఏ సామాను ఎంత ఉండాలి? అంకెలతో చెప్పండి, షిఫ్ట్ వాళ్లకి అదే పనికొస్తుంది.

ల్యాబ్‌కోటు:
తీసేయాల్సిందే. ఎందుకో చిన్న లెక్క చూడండి.

అడుగు నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తులో చిల్లు పడితే చిల్లుకి కింద మిగిలేది 50 లీటర్లు, బయటికొచ్చేది 150. ఫోర్క్ చేసే చిల్లు 10 సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు అనుకోండి. ఫోర్క్ వెనక్కి లాగేస్తే మొదట్లో సెకనుకి 8 లీటర్ల దాకా దూకుతుంది. నిమిషం లోపే చిల్లు మట్టానికి ఖాళీ. ఇసుక బకెట్ పట్టుకుని మనిషి వచ్చేసరికి ఆపడానికి ఏమీ మిగలదు. పైగా అతను నిలబడేది ఆ మడుగు మధ్యలో.

నున్నటి నేల మీద మడుగు మందం 2 మిల్లీమీటర్లు అనుకుంటే 150 లీటర్లు 75 చదరపు మీటర్లు పరుచుకుంటుంది. మొత్తం డ్రమ్ము అయితే 100 చదరపు మీటర్లు. ప్రొసీజరుకి 100 తీసుకోండి.

ఇక ఆవిరి. ఒక లీటరు టోలీన్ పూర్తిగా ఆవిరైతే 230 లీటర్ల ఆవిరి అవుతుంది. మండే కింది హద్దు 1.1% కాబట్టి ఆ ఒక్క లీటరే 20 ఘనపు మీటర్లకు పైగా గాలిని అంటుకునే స్థితికి తెస్తుంది. ఫ్లాష్ పాయింటు (నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే కనీస వేడి) 4 డిగ్రీలు, అంటే మామూలు గది వేడిలో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. ఆవిరి గాలికంటే 3.1 రెట్లు బరువు, నేలని పట్టుకుని పాకుతుంది.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. హెక్సేన్ లాంటివాటికి మూసిన డ్రమ్ములో ఆవిరి ఎంత చిక్కగా ఉంటుందంటే పై హద్దు దాటిపోతుంది, లోపల అంటుకోదు. టోలీన్ అలా కాదు. 25 డిగ్రీల దగ్గర ద్రవం పైన నిండే ఆవిరి సుమారు 3.7%. మండే పరిధి 1.1 నుంచి 7.1. సరిగ్గా మధ్యలో ఉంది. కాబట్టి సగం ఖాళీ అయిన ఆ డ్రమ్ము లోపలి భాగం కూడా పేలే మిశ్రమమే. చుట్టూ నేల తుడిచేశాక కూడా ఆ డ్రమ్ముని ప్రమాదంగానే చూడాలి.

షిఫ్ట్‌బీ:
మొదటి నిమిషానికి నా లెక్క ఇదీ. ఫోర్క్ వెనక్కి లాగకూడదు. గుచ్చుకున్న ఫోర్కే సగం బిరడా. లాగితే పైన చెప్పిన 8 లీటర్లు, లాగకపోతే అంచుల చుట్టూ కారేది మాత్రమే. డ్రమ్ము పైమూత బిగించి ఉంటే అలాగే ఉండనివ్వాలి. లోపల వాక్యూమ్ పడి గుటకలు గుటకలుగా వస్తుంది, ధార తగ్గుతుంది. "గాలి తగలాలి" అని మూత తిప్పేవాళ్లుంటారు, అది ధారని రెట్టింపు చేస్తుంది.

డ్రైవరు బండి దిగి, గాలి ఎటునుంచి వస్తోందో ఆ వైపుకి నడవాలి. పరిగెత్తకూడదు, తడిసిన నేల మీద జారిపడితే మొత్తం ఒంటికి పడుతుంది. అలారం బయటి కాల్ పాయింటు నుంచే కొట్టాలి. కేక వేస్తే చుట్టుపక్కల వాళ్లు చూడ్డానికి లోపలికే వస్తారు.

తాళం తిప్పి బండి ఆపాలా వద్దా అన్న చోట మాత్రం మా దగ్గర రెండు అభిప్రాయాలున్నాయి.

ఎర్త్‌క్లాంప్:
ఒకే నియమం రాయండి: ఆవిరి ఉన్న చోట ఏ స్విచ్చీ వేయకూడదు, తీయకూడదు. మామూలు బ్యాటరీ ఫోర్క్‌లిఫ్ట్‌లో కాంటాక్టరు (లోపలి కరెంటు స్విచ్చి) తెరుచుకున్నప్పుడు కూడా నిప్పురవ్వ వస్తుంది. లైటు స్విచ్చి, ఎగ్జాస్ట్ ఫ్యాను, మోటారు షట్టరు, ఫోను అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. కరెంటు తీయాల్సింది గోడౌన్ బయట ఉన్న ప్యానెల్ నుంచి. ఆ ప్యానెల్ ఆవిరిని గాలి మోసుకెళ్లే వైపు ఉంటే అక్కడికీ వెళ్లొద్దు, సబ్‌స్టేషన్ నుంచి తీయించండి.

ఫ్లేమ్‌ప్రూఫ్ (రవ్వ బయటి ఆవిరిని అంటించని రకం) ఫ్యాను అప్పటికే తిరుగుతుంటే తిరగనివ్వండి. కానీ అది నేల మట్టంలో లాగేదైతేనే లాభం. కప్పు దగ్గరి ఫ్యాను ఈ బరువైన ఆవిరిని పెద్దగా లాగదు. కరెంటు తీసేటప్పుడు ఆ ఫ్యాను ఫీడరు విడిగా ఉందో లేదో ముందే తేల్చుకోండి.

డీజిల్ బండి అయితే ఇంకో చిక్కు. ఇంజిన్ గాలితో పాటు ఆవిరిని కూడా పీలుస్తుంది, అదే ఇంధనమై వేగం పెరిగిపోతుంది. అప్పుడు తాళం తీసినా ఆగదు. గాలి దారినే మూసే షట్‌ఆఫ్ వాల్వు ఉంటేనే ఆగుతుంది. అసలు సాల్వెంట్ గోడౌన్‌లోకి మామూలు బండి రానివ్వకపోవడమే దీనికి జవాబు. ప్రొసీజరు కంటే ముందు సరిచేయాల్సింది అది.

డ్రెయిన్‌మ్యాప్:
డ్రెయిన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈ సందర్భంలో మనుషుల తర్వాత నేను మొదట చూసేది అదే.

టోలీన్ నీటి మీద తేలుతుంది, సాంద్రత 0.87. గ్రేటింగ్‌లోకి దిగిందంటే కాలువలో ఉన్న నీటి మీద తేలుతూ ఎంత దూరమైనా పోతుంది. ఆవిరి పైపులో నిండి ఇంకెక్కడో బాయిలర్ గది ట్రాప్ (నీళ్లు నిలిచి ఆవిరిని ఆపే డ్రెయిన్ మలుపు) లోంచి పైకి వస్తుంది. వాడకం లేని ఫ్లోర్ ట్రాప్‌లో నీళ్లు ఎండిపోయి ఉంటాయి, అక్కడ అడ్డే ఉండదు.

గ్రేటింగ్ మీద మ్యాటు వేయడం మంచిదే, కానీ గ్రేటింగ్ షెడ్డు మధ్యలో ఉందంటున్నారు. స్పిల్ అయ్యాక అక్కడికి ఎవరు వెళ్తారు? కాబట్టి డ్రెయిన్ లైను గోడ దాటాక బయట ఒక పిట్, అందులో చేత్తో తిప్పే వాల్వు. మామూలు రోజుల్లో ఆ వాల్వు మూసే ఉండాలి. నేల కడిగిన నీళ్లు వదలాల్సినప్పుడు మాత్రమే తెరిచి, చూసి, మళ్లీ మూయాలి. అప్పుడు స్పిల్ నాడు చేయాల్సింది "మూసే ఉందా" అని చూడ్డమే.

అబ్సార్బెంట్ సాక్స్ (ద్రవాన్ని పీల్చే పొడవాటి గొట్టపు సంచులు) గురించి: 7.5 సెంటీమీటర్ల మందం, 1.2 మీటర్ల పొడవున్న సాక్ ఒక్కొక్కటి 4 లీటర్లకి అటూ ఇటూ పీల్చుకుంటుంది. 100 చదరపు మీటర్ల మడుగు చుట్టూ కట్టాలంటే 40 మీటర్లు కావాలి, అది కుదిరే పని కాదు. వాటిని షట్టరు గుమ్మానికి, కేబుల్ ట్రెంచ్ అంచుకి వాడండి. నాలుగు మీటర్ల గుమ్మానికి నాలుగు సాక్స్, ఒకదాని మీద ఒకటి 15 సెంటీమీటర్లు ఎక్కేలా. చివర్లు ఎదురెదురుగా ఆనించి వదిలేస్తే ద్రవం ఆ సందులోంచే పోతుంది. ఇసుక ఉంటే కూడా గుమ్మానికి కట్టలా పోయాలి, మడుగు మీద కాదు.

డిటెక్టర్‌బెంచ్:
ఏ రీడింగు దగ్గర ఆగాలి అన్నదానికి చాలా ప్రొసీజర్లలో "10% ఎల్‌ఈఎల్ (మండే కింది హద్దు) వరకు పనిచేయవచ్చు" అని ఉంటుంది. టోలీన్‌కి అది చాలా తప్పుదారి పట్టిస్తుంది. 1.1 శాతంలో పదో వంతు అంటే 1100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకి ఇన్ని భాగాలు). టోలీన్‌కి ప్రాణానికి తక్షణ ప్రమాదమని పెట్టిన హద్దు 500 పీపీఎం. అంటే మీటరు 5% చూపించేలోపే గాలి పీల్చడానికి పనికిరాకుండా పోయింది. 10 శాతం అన్నది మంటల హద్దు, ఊపిరి హద్దు కాదు. ఎస్‌సీబీఏ (వీపుకి గాలి సిలిండరు ఉన్న శ్వాస పరికరం) లేకుండా మీటరు పట్టుకుని లోపలికి వెళ్లే మనిషి ఆ నియమాన్ని పాటిస్తూనే కళ్లు తిరిగి పడిపోతాడు.

రెండోది, మీటరు దేనితో క్యాలిబ్రేట్ అయింది? ఎక్కువ పెల్లిస్టర్ (ఆవిరిని మండించి కొలిచే సెన్సరు) మీటర్లు మీథేన్‌తో చేస్తారు. టోలీన్ లాంటి బరువైన ఆవిరికి అవి తక్కువ చూపిస్తాయి. దిద్దుబాటు గుణకం రెండు దరిదాపుల్లో ఉంటుంది, ఖచ్చితమైన అంకె మీ మీటరు మాన్యువల్‌లో చూసి ప్రొసీజరులో రాసేయండి. తెర మీద 10 కనిపిస్తే అసలు 20 కావచ్చు.

పెల్లిస్టర్ ఆక్సిజన్‌తో ఆవిరిని మండించి కొలుస్తుంది. నైట్రోజన్ నింపిన ట్యాంకులో పనిచేయదు. సిలికాన్ ఆవిరి తగిలితే సెన్సరు చచ్చిపోతుంది, అయినా తెర మీద సున్నా అని ప్రశాంతంగా చూపిస్తూనే ఉంటుంది. అందుకే రోజూ వాడే ముందు బంప్ టెస్టు (కాస్త టెస్ట్ గ్యాస్ తగిలించి మీటరు మోగుతోందో లేదో చూడడం). ఆవిరి పై హద్దు దాటి చిక్కగా ఉన్నచోట ముల్లు ఒక్కసారి పైకి లేచి మళ్లీ సున్నాకి పడిపోతుంది. లేచి పడింది అంటే "తగ్గింది" అనుకోవద్దు, వెనక్కి తిరగండి.

పీఐడీ (అతినీలలోహిత దీపంతో ఆవిరిని కొలిచే మీటరు) ఉంటే పీపీఎం లెక్క దానితో చూడండి. 10.6 ఎలక్ట్రాన్ వోల్టుల దీపంతో ఐసోబ్యుటిలీన్‌కి క్యాలిబ్రేట్ చేసిన పీఐడీకి టోలీన్ గుణకం 0.5. తెర మీద 200 కనిపిస్తే అసలు 100 పీపీఎం. ఇదే పీఐడీ మెథనాల్‌ని మాత్రం చూడలేదు, దాని అయనీకరణ శక్తి 10.85. మెథనాల్ స్పిల్ దగ్గర పీఐడీ సున్నా చూపిస్తే దానికి ఏ అర్థమూ లేదు.

కొలిచేది ఎక్కడ? చీలమండ ఎత్తులో. నడుముకి తగిలించుకున్న మీటరు మోగేసరికి కాళ్లు ఎప్పుడో ఆవిరిలో ఉంటాయి. గొట్టం తగిలించి కొలిస్తే ప్రతి మీటరు గొట్టానికి కనీసం మూడు సెకన్లు ఆగి రీడింగు చూడండి. రెండు అడుగులు వేయండి, ఆగండి, చూడండి.

గోడౌన్‌కీపర్:
చాలా స్పష్టంగా ఉంది. అయితే కార్ట్రిడ్జ్ మాస్కులు (గాలిని వడకట్టేవి) స్పిల్ కిట్‌లో ఉంచాలా? ఇప్పుడు ఆరు ఉన్నాయి. చేతి తొడుగులు నైట్రైల్.

ఫోమ్‌లైన్:
స్పిల్ కిట్‌లోంచి తీసేయండి. అవి అక్కడ కనిపిస్తే ఎవరో ఒకరు తగిలించుకుని లోపలికి వెళ్తారు. ఎంత గాఢత ఉందో తెలియనిచోట కార్ట్రిడ్జ్ పనికిరాదు. 500 పీపీఎం దాటే అవకాశం ఉన్న ప్రతి ప్రవేశం ఎస్‌సీబీఏతోనే.

ఎస్‌సీబీఏకి గాలి లెక్క కూడా రాయండి. 6 లీటర్ల సిలిండరు, 300 బార్: 1800 లీటర్ల గాలి. సామాను మోస్తూ పనిచేసే మనిషి నిమిషానికి 50 లీటర్లు సులువుగా లాగుతాడు. ఈల 55 బార్ దగ్గర మోగుతుంది, అంటే ఆఖరి 330 లీటర్లు బయటికి రావడానికి. లోపలికి నడక, బయటికి నడక, ఒళ్లు కడుక్కోవడం తీసేస్తే చేతికి మిగిలే పని సమయం 15 నిమిషాలు. ఇద్దరు లోపల ఉంటే ఇద్దరు అదే సరంజామాతో బయట సిద్ధంగా, నీళ్లు నిండిన హోస్ చేతిలో. ఆ నలుగురు లేకపోతే ప్రవేశం లేదు.

నైట్రైల్ తొడుగు టోలీన్‌కి కొన్ని నిమిషాలే ఆగుతుంది. వైటన్ గానీ, పొరలు పొరలుగా ఉండే ల్యామినేట్ తొడుగు గానీ కావాలి. పీవీఏ కూడా టోలీన్‌కి బాగా ఆగుతుంది, కానీ నీళ్లు తగిలితే కరుగుతుంది. ఫోమ్ వాడే చోట పీవీఏ పెట్టొద్దు. బ్యుటైల్ అసిటోన్‌కి మంచిది, టోలీన్‌కి చెడ్డది. కిట్ మీద ఏ సాల్వెంట్‌కి ఏ తొడుగో అతికించేయండి.

దుస్తుల దగ్గర నిజమైన ఇరకాటం ఉంది. ప్లాస్టిక్ కెమికల్ సూటు మంటల్లో కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఫైర్ కోటు ద్రవాన్ని పీల్చుకుంటుంది. రెండూ చేసే సూటు మామూలుగా చేతిలో ఉండదు. అందుకే మండే ద్రవం దగ్గర తొలి నిర్ణయం ఆవిరిని తగ్గించడం. అది తగ్గాకే మనిషి లోపలికి.

గోడౌన్‌కీపర్:
అంటే అంటుకోకపోయినా ఫోమ్ వేయాలా?

ఫోమ్‌లైన్:
అవును. అంటుకోని స్పిల్ మీద ఫోమ్ దుప్పటి ఆవిరిని కప్పి ఉంచుతుంది. కానీ ముందు మీ దగ్గర సరిపడా ఉందో లెక్కించండి.

హైడ్రోకార్బన్ స్పిల్‌కి ఏఎఫ్ఎఫ్ఎఫ్ (ద్రవం మీద పలచటి నీటి పొర కట్టే) రకం ఫోమ్ కనీస రేటు చదరపు మీటరుకి నిమిషానికి 4.1 లీటర్లు, 15 నిమిషాల పాటు. 100 చదరపు మీటర్లకి నిమిషానికి 410. కాబట్టి నిమిషానికి 450 లీటర్ల బ్రాంచ్ పైపు (ఫోమ్ చిమ్మే నాజిల్) ఒకటి చాలు. పదిహేను నిమిషాలకి 6750 లీటర్ల ఫోమ్ ద్రావణం. 3% కాన్సంట్రేట్ అయితే నిమిషానికి 13.5 లీటర్లు, మొత్తం 200 లీటర్ల పైచిలుకు. 20 లీటర్ల క్యాన్లు పది పైన. ఒక్కో క్యాను నిమిషంన్నరలో అయిపోతుంది! ఇండక్టరు (కాన్సంట్రేట్‌ని పీల్చి నీళ్లలో కలిపే పరికరం) పక్కన క్యాన్లు మార్చడానికే ఒక మనిషి కావాలి. క్యాను ఖాళీ అయిందని ఎవరూ చూడకపోతే బ్రాంచ్ నుంచి ఉత్త నీళ్లు వచ్చి వేసిన దుప్పటిని చీల్చేస్తాయి.

ఫోమ్ రాకపోవడానికి ఎక్కువసార్లు కనిపించే కారణం ఇండక్టరు, బ్రాంచ్ జత కుదరకపోవడం. 450 ఇండక్టరుకి 225 బ్రాంచ్ తగిలిస్తే వెనక ఒత్తిడి పెరిగి కాన్సంట్రేట్ పీల్చదు. రెండిటికీ ఒకే రంగు పూసి ఒకే పెట్టెలో పెట్టండి. ఇండక్టరు తర్వాత హోస్ మరీ పొడవైనా, మడత పడినా, బ్రాంచ్ చాలా ఎత్తులో ఉన్నా ఇదే జరుగుతుంది. ఇండక్టరు దగ్గర పీడనంలో మూడో వంతు పోతుందని గుర్తుంచుకుని పంపు సెట్ చేయండి.

వేసే తీరు ఇంకా ముఖ్యం. ధారని నేరుగా మడుగులోకి కొట్టకూడదు. ద్రవం చిమ్ముతుంది, ఫోమ్ లోపలికి మునిగి సాల్వెంట్ పట్టుకుని పైకి తేలుతుంది. ఎదురుగా ఉన్న గోడకి కొట్టి జారనివ్వండి. గోడ లేకపోతే మడుగుకి ఇవతల నేల మీద కొట్టి దొర్లిస్తూ తోయండి. రెండూ కుదరకపోతే ఆకాశంలోకి కొట్టి వానలా రాలనివ్వండి.

ఫ్లోరిన్ లేని కొత్త ఫోమ్‌లు వస్తున్నాయి. పాతవాటిలోని ఫ్లోరిన్ రసాయనాలు నేలలో, నీళ్లలో విరగకుండా మిగిలిపోతాయి కాబట్టి మారడం సరైనదే. కానీ కొత్తది పొర కట్టదు, బుడగల దుప్పటి మీదే ఆధారపడుతుంది. ఇంకా మెల్లగా వేయాలి. రేటు తయారీదారు షీట్‌లో చూసుకోవాలి. పాత కాన్సంట్రేట్ మిగిలిన ట్యాంకులో కొత్తది కలపొద్దు.

దుప్పటి వేసి వెళ్లిపోవద్దు. నీళ్లు కిందికి దిగి బుడగలు పలచబడతాయి. దుప్పటి అంచున మీటరుతో చూస్తూ, రీడింగు పెరగడం మొదలైతే మళ్లీ వేయాలి.

ల్యాబ్‌కోటు:
గోడౌన్‌లో టోలీన్ ఒక్కటే ఉండదు కదా. అసిటోన్, మెథనాల్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ఉంటే పైన చెప్పిన మామూలు ఫోమ్ వాటి మీద నిలబడదు. బుడగలోని నీటిని అవి పీల్చేసుకుంటాయి, కళ్లముందే కరిగిపోతుంది. ఆల్కహాల్ తట్టుకునే రకం కావాలి, రేటు కూడా ఎక్కువ.

"నీళ్లలో కలిసేదే కదా, నీళ్లు కొట్టేస్తే సరి" అనేది ఇంకో ప్రమాదం. ఇథనాల్ 20 శాతానికి పలచబడ్డాక కూడా ఫ్లాష్ పాయింటు 36 డిగ్రీల దగ్గరే ఉంటుంది. 150 లీటర్లని ఆ 20 శాతానికి తేవడానికే సుమారు 600 లీటర్ల నీళ్లు పడతాయి. ఇప్పుడు మీ దగ్గర ఇంకా మండగల 750 లీటర్ల ద్రవం ఉంది, డైక్‌లో (ద్రవాన్ని ఆపే గట్టు లోపల) పట్టాలి. పట్టే చోటు, అంత నీరు రెండూ ఉంటేనే పలచబరచడం.

మెథనాల్ మంట పగటి వెలుతురులో దాదాపు కనిపించదు. పొగ ఉండదు. థర్మల్ కెమెరా లేకపోతే గడకర్ర చివర గుడ్డ ముందుకు చాచుకుంటూ వెళ్లే పాత పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది.

కార్బన్ డైసల్ఫైడ్ ఉంటే దానికి విడి కాగితం రాయండి. 90 డిగ్రీలకే తనంతట తాను అంటుకుంటుంది, నిప్పురవ్వ అక్కర్లేదు, వేడి స్టీమ్ పైపు చాలు. మండే పరిధి 1.3 నుంచి 50%. నీటికంటే బరువు కాబట్టి దాని మీద నీటి పొర నిలుస్తుంది, ఆవిరిని ఆపడానికి అక్కడ నీళ్లే పనికొస్తాయి.

రంపపుపొట్టు:
కొన్నిచోట్ల రంపపు పొట్టు బస్తాలు పెడతారు. బాగా పీలుస్తుంది. వాడొచ్చా?

డ్రెయిన్‌మ్యాప్:
వద్దండీ. పొట్టు తనే మండుతుంది, టోలీన్ పీల్చాక వత్తిలా పనిచేస్తుంది. అదే బస్తా రేపు పక్క గదిలో నైట్రిక్ ఆసిడ్ మీదో హైడ్రోజన్ పెరాక్సైడ్ మీదో పోస్తే వేడెక్కి దానంతటదే అంటుకోగలదు. వెర్మిక్యులైట్, పొడి ఇసుక, పాలిప్రొపిలీన్ ప్యాడ్లు వాడండి. తెల్ల ప్యాడ్లు నూనె రకం ద్రవాల్నే పీలుస్తాయి, నీటిని వదిలేస్తాయి. ఫోమ్ నీళ్లున్న చోట అవే పనికొస్తాయి. అసిటోన్ నీళ్లలో కలిశాక మాత్రం బూడిదరంగు యూనివర్సల్ ప్యాడ్ కావాలి.

ఏది వాడినా ఒకటి గుర్తుంచుకోండి: పీల్చుకున్నంత మాత్రాన ఆవిరి తగ్గదు. టోలీన్ ప్యాడ్‌లో ఉన్నా ఆవిరవుతూనే ఉంటుంది. తడిసిన వెంటనే మూత ఉన్న లోహపు డ్రమ్ములోకి వెళ్లాలి. గది మూలన కుప్ప వేయకూడదు, పాలిథీన్ సంచిలో కట్టకూడదు.

ఎర్త్‌క్లాంప్:
పాలిథీన్ సంచి ఎందుకు కూడదో చెప్తాను. టోలీన్ ఆవిరి అంటుకోవడానికి 0.24 మిల్లీజౌల్ చాలు. రబ్బరు బూట్లతో పొడి నేల మీద నడిచిన మనిషి ఒంట్లో 10 కిలోవోల్టుల దాకా చేరుతుంది, ఒంటి కెపాసిటెన్స్ 200 పీకోఫారడ్ల లెక్కన అది 10 మిల్లీజౌల్. నలభై రెట్లు. మడుగు పక్కన నిలబడి ప్యాడ్ల కట్ట ప్లాస్టిక్ కవరు చింపడం, సంచి దులపడం, నైలాన్ జాకెట్ విప్పడం వల్ల కూడా అలాంటి రవ్వలు వస్తాయి. కవర్లు బయటే విప్పి లోపలికి తీసుకెళ్లండి. స్టాటిక్ పోనిచ్చే బూట్లు వేసుకోండి.

ఇంకో సంగతి: అంటుకోని ఆవిరి మీద కార్బన్ డయాక్సైడ్ సిలిండరు కొట్టొద్దు. సిలిండరు మూతి కొమ్ములోంచి వచ్చే మంచు రేణువులు స్టాటిక్ పుట్టిస్తాయి. అది మంట ఆర్పడానికి, గది నింపడానికి కాదు. డ్రై పౌడర్ మంటని టక్కున ఆర్పుతుంది కానీ పైన ఏ పొరా మిగల్చదు, వేడి లోహం తగిలి మళ్లీ అంటుకుంటుంది. పౌడర్ వెనకే ఫోమ్ ఉండాలి.

డ్రమ్ములో మిగిలిన 50 లీటర్లు తోడేటప్పుడు: గాలితో నడిచే డయాఫ్రమ్ పంపు, కరెంటు వాహకమైన బాడీ, వాహకమైన హోస్. పాడైన డ్రమ్ము, పంపు, కొత్త డ్రమ్ము మూడూ ఒకదానికొకటి బాండింగ్ చేసి (తీగతో కలిపి), అక్కడినుంచి ఎర్త్. లోహం నుంచి లోహానికి 10 ఓమ్‌ల లోపు రావాలి. క్లాంప్ పెయింట్ మీద కూర్చుంటే ఏమీ చేయనట్టే. మొన ఉన్న క్లాంప్ వాడి, డ్రమ్ము పై అంచు దగ్గర పెయింట్ చీలి లోహం తగిలేదాకా అదిమి తిప్పాలి. ఆఖరి కనెక్షన్ ఆవిరి లేని చోట, ఎర్త్ రాడ్ వైపు పడాలి, రవ్వ వస్తే అక్కడే వస్తుంది. గొట్టం కొత్త డ్రమ్ము అడుగుదాకా దించి, చివర మునిగేదాకా సెకనుకి ఒక మీటరు వేగం దాటకూడదు. పైనుంచి చిమ్ముతూ పోస్తే ద్రవమే చార్జ్ ఎక్కుతుంది. మామూలు ఇండస్ట్రియల్ వాక్యూమ్ క్లీనరుతో లాగించడం అన్న మాట ప్రొసీజరులో ఎక్కడున్నా కొట్టేయండి.

షిఫ్ట్‌బీ:
ఆవిరి తగ్గాక డ్రమ్ముని చిల్లు పైకి వచ్చేలా దొర్లించడం కూడా పరిష్కారమే, చాలాసార్లు చిల్లుకి పుట్టీ పెట్టడం కంటే మేలు. చిల్లు పక్కకి ఉంటే ఇద్దరు చాలు. తర్వాత ఓవర్‌ప్యాక్ సాల్వేజ్ డ్రమ్ములోకి (పాడైన డ్రమ్ము మొత్తం పట్టే పెద్ద డ్రమ్ము), సుమారు 320 లీటర్లది. కారడం ముందే ఆగిపోయి నిండుగా మిగిలితే డ్రమ్ము 190 కేజీలు ఉంటుంది, చేతులతో ఎత్తే ప్రయత్నం వద్దు.

ఫోమ్‌లైన్:
సామాను ఎక్కడ పెడుతున్నారో కూడా చూడండి. 2005 డిసెంబర్ 11న ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ డిపోలో పెట్రోలు ట్యాంకు నిండి పొర్లింది. గేజీ ఒక మట్టం దగ్గర అతుక్కుపోయింది, విడిగా ఉన్న హై లెవెల్ స్విచ్చి పనిచేయలేదు. రెండున్నర లక్షల లీటర్లకు పైగా పెట్రోలు బయటికొచ్చి, గాలి కదలని తెల్లవారుజామున ఆవిరి మేఘం ట్యాంకుల హద్దు దాటి పరుచుకుంది. అది అంటుకున్న చోటు బహుశా ఫైర్ పంపు గదే అని దర్యాప్తు తేల్చింది. కాపాడాల్సిన పంపే ఆవిరి దారిలో ఉంది.

మీ పంపు, ఫోమ్ పెట్టె, కరెంటు ప్యానెల్, అసెంబ్లీ పాయింటు నాలుగూ ఒకే వైపు ఉంటే ఒక గాలికి నాలుగూ పోతాయి. అసెంబ్లీ పాయింట్లు రెండు ఉండాలి, గాలి దిశ చూపే గుడ్డ గొట్టం (విండ్‌సాక్) చూసి ఎటు వెళ్లాలో నిర్ణయించేలా.

దూరాలకి ఎమర్జెన్సీ రెస్పాన్స్ గైడ్‌బుక్ చెప్పేది మండే ద్రవాలకి అన్ని వైపులా కనీసం 50 మీటర్లు. పెద్ద స్పిల్ అయితే గాలివాటుగా 300 మీటర్లు ఖాళీ చేయించడం పరిశీలించాలి. ట్యాంకరు మంటల్లో ఉంటే అన్ని వైపులా 800. ఒక డ్రమ్ము, అంటే 208 లీటర్ల వరకు, ఆ పుస్తకం లెక్కలో చిన్న స్పిల్. టోలీన్ యూఎన్ నంబరు 1294, గైడ్ 130. అసిటోన్ 1090, గైడ్ 127. ఈ అంకెలు గేటు దగ్గర కూడా ఉండాలి, ఫోన్లో చెప్పేది ఆ మనిషే.

గోడౌన్‌కీపర్:
రాత్రి షిఫ్ట్‌లో మాకు ఉండేది ఇద్దరే. నలుగురు లేనప్పుడు ఏం రాయాలి?

ఫోమ్‌లైన్:
ప్రవేశం లేదు అని పెద్ద అక్షరాలతో రాయండి. ఇద్దరితో చేయగలిగింది చాలానే ఉంది, అంతా బయటినుంచే: అలారం, తలల లెక్క, బయటి ప్యానెల్ నుంచి కరెంటు, డ్రెయిన్ వాల్వు మూసి ఉందో లేదో, ఆవిరి వెళ్లే వైపు వాహనాలు ఆపడం, గాలి వచ్చే వైపు షట్టరు గొలుసుతో చేత్తో ఎత్తడం. గాలి బయటికి పోయే వైపు షట్టరు మాత్రం అటు నిప్పు మూలం ఏదీ లేదని తెలిస్తేనే. నిలకడ మానిటర్ (ఒకచోట బిగించే ఫోమ్ గన్) ఒకటి గోడకి గురిపెట్టి ముందే బిగించి ఉంటే ఫోమ్ కూడా బయటి వాల్వుతో వేయొచ్చు. ఒకరు వాల్వు దగ్గర, ఒకరు గేటు దగ్గర, ఫైర్ టీమ్ వచ్చేదాకా. లోపల ఎవరూ చిక్కుకోకపోతే ఆ మడుగు కోసం ఏ మనిషీ లోపలికి వెళ్లాల్సిన అవసరం లేదు.

డిటెక్టర్‌బెంచ్:
మళ్లీ తెరవడానికి షరతు కూడా పెట్టండి. తుడవడం అయ్యాక ఫ్యాన్లు నడుస్తుండగా సున్నా రావడం లెక్కలోకి రాదు. వెంటిలేషన్ ఆపి, అరగంట ఆగి, నేల పగుళ్లు, ర్యాకుల కాళ్లు, కేబుల్ ట్రెంచ్, డ్రెయిన్ పిట్ దగ్గర మళ్లీ కొలవాలి. పగుళ్లలో దిగిన టోలీన్ అప్పుడే పైకి వస్తుంది. ఎల్‌ఈఎల్ 1 శాతం లోపు ఉన్నా సరిపోదు, అది ఇంకా 110 పీపీఎం. ఎనిమిది గంటల పనికి ఏసీజీఐహెచ్ (అమెరికాలోని పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంస్థ) సూచించిన హద్దు 20 పీపీఎం, దాన్ని పీఐడీతో చూడండి.

డ్రెయిన్‌మ్యాప్:
ప్రొసీజరు సంతకాలకి వెళ్లే ముందు ఒక పని చేయండి. గోడౌన్ ఖాళీగా ఉన్న రోజు, కరెంటు సామాను కప్పి, ర్యాకుల మధ్య 150 లీటర్ల నీళ్లు ఒక్కసారిగా వదలండి. రెండు నిమిషాల తర్వాత తడి అంచు వెంట సుద్దతో గీత గీయండి. టోలీన్ నీటికంటే పలచన కాబట్టి ఇంకాస్త ముందుకే పోతుంది, గీతకి బయట ఒక మీటరు కలుపుకోండి. డ్రాయింగులో చదునుగా చూపిన నేల ఏ మూలకి వాలి ఉందో, గుమ్మానికి ఎన్ని సెకన్లలో చేరుతోందో, గ్రేటింగ్ పక్కనుంచి కేబుల్ ట్రెంచ్‌లోకి దారి ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది. సాక్స్ పెట్టె, కాల్ పాయింటు రెండూ ఆ గీతకి బయట ఉండాలి.

గోడౌన్‌కీపర్:
ఆదివారం స్టాకు తక్కువ ఉంటుంది, అప్పుడు నీళ్లు వదిలి చూస్తాం. గీతలతో కొలతలు, సవరించిన మొదటి పేజీ ఇక్కడే పెడతాను. ఇండక్టరు, బ్రాంచ్ జత ఈరోజే చూశాం: ఇండక్టరు 450, బ్రాంచ్ 225. మార్పించడానికి ఇండెంట్ పెట్టాం.